పని వచ్చిన పిల్లాడికి మార్కులు ఎలా వేయాలి? సలహా కావాలి

అందరికీ నమస్కారం. కోనసీమలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. పదో తరగతిలో ఒకబ్బాయికి విద్యుత్ పాఠం టెస్టులో 20కి 4 వచ్చాయి. మొన్న వాళ్ల రొయ్యల చెరువు గట్టు మీద వాణ్ణి చూశాను. చెరువు నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్ చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి. వాడు ముందు మెయిన్ ఆపించి, టెస్టర్ పెట్టి చూసి, "మూడు ఫేజుల్లో ఏ రెండు వైర్లు మార్చినా చాలు నాన్నా" అన్నాడు. మార్చగానే సరిగ్గా తిరిగాయి. నిజం చెప్పాలంటే నాకు ఆ పని రాదు.

2020 జాతీయ విద్యా విధానం 6–8 తరగతుల పిల్లల్ని 10 రోజులు బ్యాగు లేకుండా స్థానిక వృత్తులవాళ్ల దగ్గరికి పంపమంటుంది. మాకు వడ్రంగి, కొబ్బరి పీచు యూనిట్, మోటార్ వైండింగ్ షాపు అన్నీ దగ్గరే. కానీ పిల్లలు వెళ్లి, చూసి, సమోసా తిని వచ్చేస్తున్నారు. ఏం నేర్చుకున్నారో రాసిపెట్టే పద్ధతి నా దగ్గర లేదు.

మీలో ఎవరైనా నైపుణ్యాల చెక్‌లిస్టు లాంటిది వాడారా? ఎనిమిదో తరగతికీ పదో తరగతికీ తేడా ఎలా పెట్టారు? కరెంటు పనిలో పిల్లల్ని ఎక్కడిదాకా ముట్టుకోనిచ్చారు? నాకు అన్నిటికంటే టెన్షన్ అదే.

ఇంకోటి, "మా వాణ్ణి మెకానిక్ చేస్తారా మాస్టారూ?" అని అడిగే తల్లిదండ్రులకు ఏం చెప్పారు? పాలిటెక్నిక్, ఐటీఐ గురించి చెప్పినా వినట్లేదు.