విక్టోరియన్ మౌంటెడ్ రైఫిల్స్: దేశం కాపలాకి పుట్టిన దళమా, సమ్మెలు అణచడానికా?

తుమ్మముల్లు:
ఏప్రిల్ 25న ఆన్‌జాక్ డే (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికుల స్మారక దినం) పరేడ్‌లో, ఒక పక్క అంచు పైకి మడిచిన టోపీలు చూసి మెల్‌బోర్న్‌లో మనవాళ్లు కూడా తెగ ఫొటోలు తీసుకుంటారు. ఆస్ట్రేలియాలో ఆ టోపీ మొదట పెట్టింది 1885లో, మెల్‌బోర్న్ రాజధానిగా ఉన్న బ్రిటిష్ కాలనీ విక్టోరియా పల్లెల్లో పుట్టిన మౌంటెడ్ రైఫిల్స్ దళం. రైతులు, పశువుల కాపర్లు, చిన్న ఊళ్ల వ్యాపారులు జీతం లేకుండా చేరిన దళం అది. ఇప్పుడు దాన్ని కథలు కథలుగా పొగుడుతున్నారు. 1890లో ఆ రైతుబిడ్డల్ని పట్నానికి పిలిపించి, సమ్మె చేస్తున్న కూలీల మీద కాల్పులకి సిద్ధం చేశారన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నన్నడిగితే ఆ దళం అసలు వాడకం అదే. కాదనేవాళ్లు రండి.

జీనుపట్టీ:
కాదనేవాడిని నేనే. ముందు 1885 ఎలాంటి సంవత్సరమో చూడండి. మార్చిలో అఫ్గాన్ సరిహద్దున పంజ్‌దేహ్ దగ్గర రష్యా సైన్యం అఫ్గాన్లను కొట్టింది. బ్రిటన్‌కీ రష్యాకీ యుద్ధం తప్పదనుకున్నారు. రష్యా ఓడలు మెల్‌బోర్న్ ముందున్న పోర్ట్ ఫిలిప్ అఖాతంలోకి వస్తాయని మెల్‌బోర్న్‌లో నిజంగానే భయపడ్డారు. తీరంలో కోటలు, ఫిరంగులు ఉన్నాయి సరే, శత్రువు వేరే చోట దిగితే వేగంగా వెళ్లేదెవరు? దానికోసమే టామ్ ప్రైస్ అనే లెఫ్టినెంట్ కల్నల్ ఈ దళాన్ని లేపాడు. ఇండియాలో పనిచేసి వచ్చిన మనిషి.

ఇంకోటి, ఇది కత్తులు దూసి ఉరికే అశ్విక దళం కాదు. గుర్రం మీద చోటికి చేరడం, దిగి నేల మీద పడుకుని తుపాకీ పేల్చడం, అంతే. నలుగురిలో ఒకడు మిగతా ముగ్గురి గుర్రాల కళ్లాలూ పట్టుకుని వెనక నిలబడతాడు, కాబట్టి వందమంది వెళ్తే తుపాకీ పేల్చేది డెబ్బై ఐదుగురే. సొంత గుర్రం, సొంత స్వారీ అలవాటు ఉన్న పల్లె మనిషికి కొత్తగా నేర్పాల్సింది తక్కువ. సర్కారుకి ఖర్చు కలిసొచ్చింది. ఇందులో కార్మికులు ఎక్కడున్నారు?

ఆ టోపీ సంగతి కూడా చెప్పేస్తా. బర్మాలో స్థానిక పోలీసుల టోపీ చూసి ప్రైస్ తెచ్చిన ఆలోచన అంటారు. తుపాకీ భుజానికెత్తేటప్పుడు తగలకుండా ఉండాలని కుడి అంచు మడిచారు. ఇప్పుడు ఎడమ అంచు మడుస్తున్నారు.

తుమ్మముల్లు:
పుట్టుక గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటా. పుట్టాక ఏం చేశారన్నదే నా ప్రశ్న.

1890 ఆగస్టు. ఓడల అధికారుల సంఘం మెల్‌బోర్న్ ట్రేడ్స్ హాల్‌తో (కార్మిక సంఘాల ఉమ్మడి సంస్థతో) కలుస్తామంటే ఓడల యజమానులు ఒప్పుకోలేదు. అక్కడ మొదలైన సమ్మె రేవుకూలీలకీ గ్యాస్ కార్ఖానా పనివాళ్లకీ పాకింది. వీధి దీపాలు ఆరిపోయి పట్నం చీకటైంది. ఆగస్టు 31న, ఆదివారం, ఫ్లిండర్స్ పార్కులో పెద్ద సభ పెట్టారు, యాభై వేలకి అటూ ఇటూ జనం వచ్చారంటారు. ఆ సభకు ముందే మౌంటెడ్ రైఫిల్స్‌ని ఊళ్ల నుంచి రప్పించి బారులో నిలబెట్టి ప్రైస్ అన్న మాటల సారం ఇది: ఒక్కొక్కడికీ నలభై తూటాలిస్తాం, కాల్చమన్నప్పుడు ఏ తుపాకీ గాల్లోకి చూడకూడదు, కిందికి కాల్చి పడుకోబెట్టండి, మళ్లీ ఈ పని చెయ్యాల్సిన అవసరం రాకూడదు.

రష్యా ఓడ ఏనాడూ రాలేదు. ఈ పిలుపు వచ్చింది.

మూడోబెంచి:
ఒక చిన్న మాట. మన దగ్గర కూడా గుంపు మీద కాల్చాల్సి వస్తే తల మీదుగా కాకుండా కిందికి గురిపెట్టాలన్నదే పోలీసులకి నేర్పే పద్ధతి. గాల్లోకి కాలిస్తే గుండు ఎక్కడో మేడ మీద నిలబడ్డ అమాయకుడికి తగులుతుంది. అప్పటి బ్రిటిష్ సైన్యం నియమం కూడా అదే. కాబట్టి "కిందికి కాల్చండి" ఒక్కటే పట్టుకుని ప్రైస్‌ని రాక్షసుణ్ణి చెయ్యడం కుదరదు.

తుమ్మముల్లు:
మాస్టారూ, "కిందికి" వరకు నియమమే. "మళ్లీ అవసరం రాకూడదు" ఏ నియమంలో ఉంది? అది పాఠం చెప్పడం కాదు, బెదిరించడం. అందుకే పత్రికలూ సంఘాలూ భగ్గుమన్నాయి. చచ్చేదాకా ఆ మనిషి పేరుకి ఆ వాక్యం అంటుకునే ఉంది.

యర్రాపాళెం:
టామ్ ప్రైస్ నాన్న జాన్ ప్రైస్ జైళ్ల పెద్ద. ఆ జాన్ క్రూరత్వం భరించలేక 1857లో విలియమ్స్‌టౌన్‌లో ఖైదీలే చంపేశారు. ఆ రక్తం ఎక్కడికి పోతుందండీ.

జీనుపట్టీ:
యర్రాపాళెం గారూ, తండ్రి పాపం కొడుక్కి రాసెయ్యడం చరిత్ర కాదు, అరుగు కబుర్లు.

తుమ్మముల్లు గారూ, సభ ప్రశాంతంగా ముగిసింది. ఒక్క తూటా పేలలేదు. దళాన్ని పిలిచింది ప్రైస్ కూడా కాదు, ప్రభుత్వం. అప్పటి చీఫ్ సెక్రటరీ (అక్కడ అది మంత్రి పదవి) ఆల్ఫ్రెడ్ డీకిన్, తర్వాత దేశానికి ప్రధాని అయినవాడు. నింద వెయ్యాలంటే అక్కడ వెయ్యండి, సొంత గుర్రమెక్కి వచ్చిన కుర్రాడి మీద కాదు.

తుమ్మముల్లు:
కుర్రాడి మీద వెయ్యట్లేదు. సర్కారు చేతికి దొరికిన పనిముట్టు ఎలాంటిదో చెబుతున్నా. పల్లె రైతుకి పట్నం సంఘాల మీద ముందే మంట. సమ్మెతో రేవులో సరుకు ఆగితే నష్టం తనదే. అలాంటివాడి చేతికి తుపాకీ ఇచ్చి పట్నం వీధిలో నిలబెట్టడం కాకతాళీయమా? పోనీ విక్టోరియా ఒక్కటే అంటే సరే. మరుసటి ఏడాది క్వీన్స్‌లాండ్‌లో గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీల సమ్మె జరిగినప్పుడు బార్కల్డైన్ అనే ఊరికి గుర్రపు దళాలనే పంపారు. నాయకులకి కుట్ర కేసులో మూడేళ్ల జైలు వేశారు. ఉంచింది సెయింట్ హెలీనా ద్వీపంలో (నెపోలియన్‌ది కాదు, బ్రిస్బేన్ దగ్గరిది).

పాతబస్తీ పావురం:
మీరిద్దరూ 1890 దగ్గరే ఆగిపోయారు. 1901 చూడండి. దక్షిణాఫ్రికాలో డచ్ సంతతి బోయర్ల మీద బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధంలో ఐదో విక్టోరియన్ మౌంటెడ్ రైఫిల్స్ జూన్ 12 రాత్రి విల్మన్స్‌రస్ట్ దగ్గర దిగారు. తుపాకులు ఒక చోట పేర్చిపెట్టి ఉండగా బోయర్లు విరుచుకుపడ్డారు. 18 మంది పోయారు, 40 మందికి పైగా గాయాలు. ఆ తర్వాత బ్రిటిష్ జనరల్ బీట్సన్ వీళ్లని పిరికి కుక్కలన్నాడు. అలా తిట్టేవాడి వెంట పోవడం కన్నా తూటా తినడం నయమన్నట్టు స్టీల్ అనే సైనికుడు అన్నాడు. తిరుగుబాటని ముగ్గురికి మరణశిక్ష వేస్తే అక్కడి బ్రిటిష్ సేనాధిపతి కిచెనర్ దాన్ని జైలుకి తగ్గించాడు. ఆస్ట్రేలియాలో గోల అయ్యాక విడుదలయ్యారు. చెప్పినట్టల్లా ఆడే పనిముట్లు ఇలా ఎదురు తిరుగుతాయా?

జీనుపట్టీ:
పావురం గారూ, మాట నా వైపే అయినా ఒప్పుకోలేను. ఐదో కంటింజెంట్ (విక్టోరియా పంపిన ఐదో జట్టు) ఆ యుద్ధానికని కొత్తగా చేర్చుకున్న మనుషులు, జీతం మీద వెళ్లారు. పేరు పాతది, దళం వేరు. 1890 బారులో నిలబడ్డవాళ్ల గురించి 1901 ఏమీ చెప్పదు.

పాతబస్తీ పావురం:
మనుషులు వేరే కావచ్చు, తీరు అదే కదా? గుర్రం నాది, మాట నాది అనుకునే పల్లె మనిషి. సంఘాల మీదికి పొమ్మంటే పోయాడు, ఎందుకంటే అది అతని మనసులోనూ ఉంది. కుక్క అంటే ఊరుకోలేదు.

జీనుపట్టీ:
"అతని మనసులోనూ ఉంది" అన్నారు చూడండి, ఇప్పుడు మీరు తుమ్మముల్లు గారి వైపుకి దూకారు.

తుమ్మముల్లు:
దూకనివ్వండి. 1903లో ఈ దళాన్ని కామన్వెల్త్ (కాలనీలన్నీ కలిసి ఏర్పడ్డ ఆస్ట్రేలియా దేశం) లైట్ హార్స్ అనే గుర్రపు రెజిమెంట్లుగా మార్చారు. ఆ లైట్ హార్స్ పేరు చెప్పగానే అందరూ మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో పాలస్తీనాలో తుర్కుల మీద గుర్రాలతో చేసిన బీర్‌షెబా దాడి గురించే మాట్లాడతారు. పరేడ్‌లో బీర్‌షెబా జెండా మొయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. దాని పక్కనే ఫ్లిండర్స్ పార్కు పేరు కూడా ఒక చిన్న బోర్డు మీద రాయించమని అడుగుతున్నా. మీరు ఒప్పుకుంటారా, లేదా?

జీనుపట్టీ:
బోర్డుకి ఒప్పుకుంటా. దాని మీద "ఒక్క తూటా పేలలేదు" అని కూడా రాస్తేనే.