అప్‌డేట్: లార్వాలు బతికాయి, తప్పు నీళ్లది కాదు

పోయిన నెల అడిగాను కదా, ల్యాబ్‌లో పెంచుతున్న ఏడిస్ ఈజిప్టై (డెంగీని వ్యాపింపజేసే దోమ) లార్వాలు, అంటే గుడ్డులోంచి వచ్చి నీళ్లలో పెరిగే పిల్ల పురుగులు, మూడో దశకి వచ్చేసరికి ట్రేలకి ట్రేలే చచ్చిపోతున్నాయి, నీళ్లలో క్లోరిన్ వల్లేనా అని. కాదండీ. నేనే తిండి ఎక్కువ వేసేశాను.

చేపల మేత పొడిలో ఈస్ట్ కలిపి, పాపం ఆకలేస్తుందేమో అన్నట్టు రోజూ చల్లేదాన్ని. మిగిలింది కుళ్లి నీళ్ల మీద మీగడలా తెట్టు కట్టింది. లార్వా తలకిందులుగా వేలాడుతూ, తోక దగ్గరున్న గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి పీలుస్తుంది కదా, దానికి ఆ తెట్టు అడ్డుపడి ఊపిరాడక పోయాయి. "పొద్దున్నే ట్రే వాసన చూడు" అని ఒకరు రాస్తే అప్పుడు నవ్వుకున్నాను, సారీ.

ఈసారి ట్రేకి 200 మించలేదు, ముందు వేసింది అయిపోయాకే మళ్లీ మేత, తెట్టు కనిపిస్తే టిష్యూ పేపర్ పరిచి ఎత్తేయడం. 27 డిగ్రీల దగ్గర ఏడో రోజుకి మొదటి ప్యూపాలు (లార్వా దోమగా మారే ముందు దశ) వచ్చాయి, అచ్చం కామాల్లా, ట్రే కదిపితే చాలు పల్టీలు కొడుతూ అడుగుకి పోతాయి. చిన్నవి మగవి, అవే ముందు. రెండు రోజులకి వీపు చీల్చుకుని ఒక దోమ బయటికొచ్చి, వదిలేసిన తొడుగు మీదే నిలబడి కాళ్లు ఆరబెట్టుకోవడం కళ్లారా చూశాను.

1897లో సికింద్రాబాద్‌లో బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ కూడా లార్వాల నుంచి పెంచిన దోమలతోనే మలేరియా గుట్టు పట్టాడు, ఇన్‌క్యుబేటర్ లేకుండా!

ఇప్పుడు బోనులో పంచదార నీళ్ల దూది పెట్టాను. నిన్న ఒకటి తప్పించుకుంది, ఇంకా దొరకలేదు.