19 మంది పిల్లల ఇంటి టీవీ షో: చూసినవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

తెనాలి_బెంటన్‌విల్:
అందరికీ నమస్కారం. మేముండేది అర్కాన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఇక్కడే కాబట్టి తెలుగువాళ్ళకి ఈ ఊరి పేరు కొత్తేమీ కాదు. 2012లో పెళ్ళయి హెచ్4 (ఉద్యోగం చేసేవాళ్ళ భార్యలకిచ్చే డిపెండెంట్ వీసా) మీద వచ్చాను. ఆయన ఆఫీసుకి వెళ్ళాక సాయంత్రం దాకా టీవీయే తోడు. అలా టీఎల్‌సీ అనే ఛానల్లో ‘19 కిడ్స్ అండ్ కౌంటింగ్’ అలవాటైంది. జిమ్ బాబ్ డగ్గర్, మిషెల్ దంపతులు, 19 మంది పిల్లలు, అందరి పేర్లూ ‘జె’ అక్షరంతోనే. వాళ్ళుండే టాంటీటౌన్ మా ఇంటికి అరగంట దూరం.

తెనాలిలో తాతగారింట్లో వేసవి సెలవులకి పదహారు మంది పిల్లలం చేరేవాళ్ళం. డాబా మీద వరసగా పక్కలు, పొద్దున్నే పెద్ద తపేలాలో ఉప్మా. ఇక్కడ ఒంటరిగా కూర్చున్న నాకు ఆ షోలో అదే కనిపించింది. 7000 చదరపు అడుగుల ఇల్లు. ఆడపిల్లలందరికీ ఒక పెద్ద గది, మగపిల్లలందరికీ ఒక పెద్ద గది. గోధుమరంగు పొడుగు జుట్టు, మోకాళ్ళ కిందికి లంగాలు, ఎప్పుడూ చంకలో ఒక చంటిపిల్ల. ఎవరూ గొంతు పెంచేవారు కాదు. ఎంత పద్ధతిగా పెంచారో అని అమ్మకి ఫోన్లో చెప్పేదాన్ని.

2015లో ఆ కుటుంబం గురించి బయటికొచ్చిన విషయం విని టీవీ కట్టేశాను. మళ్ళీ ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందంటే, ఆ కుటుంబం మీద 2023లో ప్రైమ్‌లో వచ్చిన ‘షైనీ హ్యాపీ పీపుల్’ డాక్యుమెంటరీ మొన్న చూశాను. అందులో వాళ్ళ కూతురు జిల్ మాట్లాడుతుంటే తిండి సహించలేదు. నేను ముచ్చటపడి చూసిన పిల్లే ఆమె.

ఇంకో కారణం కూడా ఉంది. మా చిన్నాడపడుచు విజయవాడలో ఫ్యామిలీ వ్లాగ్స్ ఛానల్ నడుపుతోంది. వచ్చే నెల ఇండియా వస్తున్నాం, మా అమ్మాయికి ఓణీల ఫంక్షన్. పదకొండేళ్ళ పిల్ల. మొత్తం వీడియో తీసి ఛానల్లో పెడతానంటోంది. మా ఆయన ‘ముచ్చటే కదా’ అంటున్నారు. నాకు మాత్రం ఆ షోనే గుర్తొస్తోంది. మీలో ఎవరైనా ఆ షో చూశారా? ఇలాంటి ఇంట్లో పెరిగారా? టీవీలో పనిచేశారా? చెప్పండి.

పల్నాడు_బిడ్డ:
నేను చూశాను అక్కా. డాలస్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు రూమ్మేట్లతో కలిసి చూసేదాన్ని. మాది నరసరావుపేట దగ్గర విశ్వాసుల కుటుంబం. అందుకే ఈ షో గురించి మాట్లాడేటప్పుడు ‘క్రిస్టియన్లు ఇంతే’ అని ఎవరైనా తేల్చేస్తే నాకు కష్టంగా ఉంటుంది. వాళ్ళు వెళ్ళింది అమెరికా క్రైస్తవుల్లోనే చాలామంది ఒప్పుకోని దారి.

ఆ దారి పేరు ఐబీఎల్‌పీ (ఇన్‌స్టిట్యూట్ ఇన్ బేసిక్ లైఫ్ ప్రిన్సిపుల్స్). బిల్ గోతర్డ్ అనే ఆయన 1961లో మొదలుపెట్టిన సంస్థ. ఆయనకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. అయినా సంసారం ఎలా చేయాలో, పిల్లల్ని ఎలా పెంచాలో వేలమందికి సెమినార్లు పెట్టి చెప్పేవాడు. వాళ్ళ బోధలో గొడుగుల బొమ్మ ఒకటుంటుంది. పైన పెద్ద గొడుగు క్రీస్తు, దాని కింద భర్త, ఆ కింద భార్య, అందరికంటే అడుగున పిల్లలు. గొడుగు కిందనుంచి బయటికి అడుగేస్తే సైతానుకి దొరికిపోతావని భయం. ఇంటి చదువులకి కూడా వాళ్ళ బుక్‌లెట్లే. లెక్కలైనా సైన్సైనా మత్తయి సువార్త 5, 6, 7 అధ్యాయాలకి ముడిపెట్టి చెప్పేవి. చివరికి ముప్ఫై మందికి పైగా ఆడవాళ్ళు వేధింపుల ఆరోపణలు చేశాక 2014లో గోతర్డ్ రాజీనామా చేశాడు.

ఇక పిల్లల సంఖ్య. మిషెల్‌కి 17 ఏళ్ళప్పుడు, 1984లో పెళ్ళైంది. మొదట మాత్రలు వాడారు. పెద్దబ్బాయి పుట్టాక ఒక గర్భం పోయింది, అది మాత్రల వల్లే అని వాళ్ళు నమ్మారు. అప్పటినుంచి ఎంతమందినిస్తే అంతమంది అని దేవుడికి వదిలేశారు. 127వ కీర్తనలో పిల్లలు బాణాల్లాంటివాళ్ళు, అంబులపొది నిండినవాడు ధన్యుడు అని ఉంటుంది కదా, ఈ ఆలోచన ఉన్నవాళ్ళంతా ఆ మాటనే పట్టుకుంటారు. మా నాన్న కూడా ఆ కీర్తన కంఠతా చెబుతారు. మేం ఇద్దరమే.

షోలో నన్ను పట్టేసింది ఒక చిన్న విషయం. దారిలో ఎవరైనా ఆవిడ పొట్టి బట్టల్లో ఎదురైతే తల్లి ‘నైకీ’ అనేది. వెంటనే మగపిల్లలు తల దించి తమ బూట్ల వంక చూసుకోవాలి. రూమ్మేట్లు నవ్వారు, నాకు నవ్వు రాలేదు. నాకు పన్నెండో ఏట, మేం వెళ్ళే సంఘంలో ఒక పెద్దాయన నన్ను ముందుకి పిలిచి, నా చెవి దుద్దులు అందరి ఎదుటా తీయించాడు. మా అమ్మ ఇష్టపడి నగలు మానేసింది, అది ఆమె సాక్ష్యం, నాకు గౌరవమే. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు. తీసిన దుద్దులు గుప్పిట్లో పట్టుకుని ఆరాధన అయ్యేదాకా కూర్చున్నాను. చేయి తెరిస్తే అరచేతిలో రెండు గుంటలు. ఆ రోజు అక్కడ కెమెరా లేదు, అంతవరకు నయం. ఆ పిల్లల చుట్టూ మాత్రం ఎప్పుడూ ఉండేది.

గోదావరి_గట్టు:
ఇద్దరికీ నమస్తే అండి. నేనా షో పూర్తిగా చూడలేదు, యూట్యూబ్‌లో ముక్కలు చూశాను. ఒక మాట చెప్పాలని ఉంది. పిల్లలు ఎక్కువమంది ఉండటం తప్పు కాదు. మా అమ్మమ్మకి పదకొండు కాన్పులు, ఎనిమిది మంది దక్కారు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆ ఇంట్లో ఉన్న ప్రేమ నేను ఇంకెక్కడా చూడలేదు.

అయితే ‘బడ్డీ’ అని వాళ్ళు ఒక ఏర్పాటు గురించి చెప్పే ముక్క చూసి ఆగిపోయాను. పెద్దాడపిల్లలకి తలా కొందరు చిన్నపిల్లల్ని అప్పగిస్తారు. తినిపించడం, స్నానం, చదివించడం, నిద్రపుచ్చడం అన్నీ ఆ అక్కే. మా ఇంట్లో దీనికి పేరు లేదు కానీ మా పెద్దమ్మ చేసింది అదే. ఐదో తరగతిలో బడి మానిపించారు. ఎడమ చంకలో ఒకణ్ణి ఎత్తుకుని కుడిచేత్తో పొయ్యి ఊదేదట. ఇప్పుడు డెబ్బై దాటాయి, నడుము ఎడమవైపుకే ఒరిగి ఉంటుంది. మా చిన్న మామయ్యలిద్దరూ ఆమెనే ‘అమ్మా’ అంటారు.

పోయిన సంక్రాంతికి అరిసెలు వత్తుతూ అడిగాను, పెద్దమ్మా నీకు చదువుకోవాలని ఉండేదా అని. పిండి ముద్ద చేతిలో అలాగే పట్టుకుని ‘ఏమోనే, ఆ మాట నువ్వే మొదట అడిగావు’ అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొత్త_సభ్యురాలు:
ఒక సందేహం. అన్నేళ్ళు షో నడిచింది కదా, పిల్లలకి డబ్బులిచ్చారా?

ఎడిటింగ్_టేబుల్:
దీనికి నేను చెబుతాను. హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ళు టీవీ షోలకి ఎడిటర్‌గా చేశాను. ఛానల్ పేరు వద్దు.

జిల్ చెప్పినదాని ప్రకారం, పెద్దయ్యాక కూడా ఏడున్నరేళ్ళు ఆమెకి ఏమీ ముట్టలేదు. చెక్కు లేదు, నగదు లేదు. 2014లో పెళ్ళికి ముందు రోజు ఒక కాగితం ముందు పెడితే, అదేమిటో తెలియకుండానే సంతకం పెట్టానంది. తర్వాత చూస్తే అది షోకి ఒప్పందం. ఆమె మొదటి కాన్పు కూడా షూట్ చేశారు. ఆస్పత్రి ఖర్చులైనా ఇమ్మని అడిగితే, మీ కుటుంబానికి ఇచ్చేశాం అన్నారట. కుటుంబం అంటే నాన్న. గొడుగు బొమ్మ గురించి పైన చెప్పారు కదా, డబ్బు కూడా అదే దారిలో వచ్చి పై గొడుగు దగ్గరే ఆగిపోయింది.

వీక్షకులకి తెలియనిది ఇంకొకటుంది. ‘రియాలిటీ’ అన్నది ఉన్నదున్నట్టు రాదు. తలుపు తీసుకుని లోపలికి రావడం కూడా మూడుసార్లు తీస్తాం. నేను చేసిన ఒక పిల్లల షోలో ఏడేళ్ళ బాబు ఓడిపోయి ఏడుస్తూ అమ్మ దగ్గరికి పరిగెత్తాడు. మైకు వైరు గీరుకుని శబ్దం పాడైంది. ‘బాబూ, ఇంకోసారి పరిగెత్తు నాన్నా’ అన్నారు. రెండోసారి ఏడుపు రాలేదు. వాడు ఓడిపోయిన సంగతి మళ్ళీ గుర్తుచేశారు. మూడోసారి బాగా ఏడ్చాడు. ప్రసారమైంది ఆ మూడోసారిదే, దానికి మ్యూజిక్ పెట్టింది నేను. ఆ బాబు ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందు ఆడుతుంది.

మన దగ్గర చట్టం లేదని కాదు. బాలకార్మిక చట్టానికి 2017లో వచ్చిన రూల్స్ ప్రకారం రోజుకి ఐదు గంటలకి మించి పిల్లలతో షూటింగ్ చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీదే జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. నేను పనిచేసిన సెట్లో గడియారం చూసినవాళ్ళు లేరు. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం వ్లాగుల్లో కనిపించే పిల్లలకి వాటా పక్కన పెట్టాలని చట్టం చేసింది, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది.

కొత్త_సభ్యురాలు:
2015లో ఏమైందో కూడా ఎవరైనా చెప్పరూ? నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు.

తెనాలి_బెంటన్‌విల్:
చెబుతాను, ఇక్కడ రోజూ అదే వార్త. పెద్ద కొడుకు జాష్ టీనేజ్‌లో ఐదుగురు ఆడపిల్లల్ని లైంగికంగా తాకాడని 2015 మేలో ఒక పత్రిక బయటపెట్టింది. అందులో నలుగురు సొంత చెల్లెళ్ళు. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా తల్లిదండ్రులకి తెలుసు. తెలిసే 2008లో ‘17 కిడ్స్’ అని ఆ షో మొదలుపెట్టారు. జూలైలో షో ఆపేశారు. ఆ డిసెంబరుకే అక్కచెల్లెళ్ళతో ‘కౌంటింగ్ ఆన్’ అని ఇంకో షో. 2021లో జాష్ అరెస్టయ్యాడు, ఈసారి చిన్నపిల్లల అశ్లీల చిత్రాల కేసు. మా పక్క ఊరు ఫయెట్‌విల్ ఫెడరల్ కోర్టులో ఆ డిసెంబరులో దోషి అన్నారు. 2022 మేలో 151 నెలల శిక్ష. రెండో షో కూడా 2021లోనే పోయింది.

నేను తట్టుకోలేకపోయేది ఒకటే. నేను ఆ షో చూస్తూ ‘ఎంత నెమ్మది పిల్లలు’ అనుకున్న ప్రతి రోజూ, ఆ ఆడపిల్లలు ఆ బరువు మోస్తూ కెమెరా ముందు నవ్వుతున్నారు.

పల్నాడు_బిడ్డ:
ఇంకో సంగతి మర్చిపోతారు అందరూ. పోలీసు రిపోర్టులో పేర్లు కొట్టేసినా, మిగతా వివరాలతో ఆ అమ్మాయిలెవరో ఊరందరికీ తెలిసిపోయింది. 2017లో నలుగురు కోర్టుకెళ్ళారు, ఫలితం రాలేదు. అంతకుముందు 2015లో వాళ్ళలో ఇద్దరికి, జిల్‌కీ జెస్సాకీ, టీవీ ఇంటర్వ్యూలో కూర్చుని అన్నని వెనకేసుకొచ్చినట్టు మాట్లాడాల్సి వచ్చింది. ఇప్పుడైతే ఆ ఇంటర్వ్యూ ఇచ్చేదాన్ని కాదు అంటోంది జిల్. బాధ పడింది వాళ్ళు, షోని నిలబెట్టే పనీ వాళ్ళ మీదే పడింది.

అయితే వాళ్ళు దేవుణ్ణి వదల్లేదు, అది కూడా రాయాలి. ఇంకో చెల్లెలు జింజర్ 2023లో పుస్తకం రాసింది. గోతర్డ్ బోధ తప్పని, యేసు మీద నమ్మకం మాత్రం అలాగే ఉందని చెప్పుకుంది. నాకు చాలా దగ్గరగా అనిపించింది. నేనూ ప్రతి ఆదివారం ఆరాధనకి వెళ్తాను, చెవులకి దుద్దులు పెట్టుకునే వెళ్తాను.

గోదావరి_గట్టు:
తెనాలి గారూ, ఇంతకీ మీ అమ్మాయి ఏమంటోంది?

తెనాలి_బెంటన్‌విల్:
మీరు అడిగేదాకా నేను దాన్ని అడగనే లేదండి. నేనూ మా ఆయనా మా ఆడపడుచూ ముగ్గురం మాట్లాడుకుంటున్నాం, పిల్ల పక్క గదిలోనే ఉంది.

నిన్న రాత్రి జడ వేస్తూ అడిగాను. కాసేపు ఆలోచించి, ఓణీ కట్టుకున్నాక ఫొటోలు ఓకే, అమ్మమ్మకి వాట్సాప్‌లో పంపచ్చు అంది. పసుపు రాసేటప్పుడూ నీళ్ళు పోసేటప్పుడూ ఎవరూ ఫోన్ ఎత్తకూడదట. యూట్యూబ్‌లో వద్దంది. ‘మా క్లాస్ వాళ్ళు చూస్తారు మమ్మీ’ అని ఊరుకుని, ‘అత్తకి కోపం వస్తుందా?’ అంది. దానికి వీడియో కంటే అత్త కోపం గురించే ఎక్కువ టెన్షన్.

ఆడపడుచుకి ఫోన్ చేశాను. ముందు చిన్నబుచ్చుకుంది. ‘వదినా, పాప మొహం లేకుండా వంటలూ డెకరేషనూ తీసుకుంటా, సరేనా?’ అంది. సరే అన్నాను. గదిలోకెళ్ళి మా అమ్మాయితో చెబితే, పుస్తకం మీదనుంచి తలెత్తకుండానే ‘థాంక్యూ’ అంది. ఎడిటింగ్ గారూ, ఆ ఛానల్లో పోయినేడు పెట్టిన మా అమ్మాయి వీడియోలు నాలుగున్నాయి, వాటిని తీయించడం ఎలాగో తెలిస్తే చెప్పగలరా?

ఎడిటింగ్_టేబుల్:
ఛానల్ ఆవిడదే కాబట్టి ఆవిడ లాగిన్‌లోంచే డిలీట్ చేయొచ్చు, అదే సులువు. ‘ప్రైవేట్’ అని మార్చినా ఎవరికీ కనపడవు, కానీ డిలీట్ చేయించండి. ముందు ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. అవి మీ అమ్మాయివి.