పార్కు లోపల గుడారమా, బయట ఖాళీ నేలా? సియెర్రా, డెత్ వ్యాలీ ప్రయాణం

గుడారం_గోల:
అక్టోబరు మూడో వారంలో శాన్‌హోసే నుంచి కారులో బయలుదేరుతున్నాం. కాలిఫోర్నియాలోని సియెర్రా పర్వతాల్లో టయోగా కనుమ దాటి, అవతల ఉన్న లోన్ పైన్ ఊరు, అక్కడి నుంచి డెత్ వ్యాలీ ఎడారి. మొత్తం ఐదు రోజులు. నేను, నా భార్య, ఏడేళ్ళ పాప, గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారు (69 ఏళ్ళు). రాత్రులన్నీ పార్కుల లోపలి క్యాంప్‌గ్రౌండ్లలోనే ముందుగా బుక్ చేద్దామని నేను, బయటి ప్రభుత్వ భూముల్లో ఉచితంగా ఉందామని ఆవిడ. వారం రోజులుగా ఇంట్లో ఇదే పంచాయితీ. తీర్పు చెప్పండి.

ఇసుకతిన్నె:
ఆవిడ మాటే వినండి. డెత్ వ్యాలీలో సన్‌సెట్ క్యాంప్‌గ్రౌండ్ చూశారా? చెట్టన్నది లేని కంకర మైదానం, వరసగా నిలబడ్డ పెద్ద బండ్లు. బస్ డిపోలో పడుకోవడానికి ఎనిమిది గంటలు కారు నడపాలా? బీఎల్‌ఎం (కేంద్ర ప్రభుత్వ భూనిర్వహణ శాఖ) భూముల్లో చాలాచోట్ల పద్నాలుగు రోజుల దాకా ఉండనిస్తారు. పక్కవాడి జనరేటర్ మోత ఉండదు, నెత్తిన పాలపుంత ఉంటుంది.

చెంబు_నీళ్ళు:
పాలపుంత సరే, అర్ధరాత్రి పెద్దాయన లేస్తే మరుగుదొడ్డి ఎక్కడ? తాగే నీళ్ళు ఎక్కడ? ఉచిత నేలలో ఆ రెండూ ఉండవు. పైగా లోన్ పైన్ పక్కన అందరూ చెప్పే అలబామా హిల్స్‌లో ఇప్పుడు నచ్చినచోట గుడారం వేయడానికి లేదు. గుర్తించిన స్థలాల్లోనే ఉండాలి, అనుమతి పత్రం తీసుకోవాలి. జనం తొక్కి తొక్కి అక్కడి నేలను పాడుచేశాకే ఈ నియమాలు వచ్చాయి. దీన్ని స్వేచ్ఛ అనుకోవడం మన భ్రమ.

కొండగాలి:
లోపలా బయటా అని కొట్టుకుంటున్నారు గానీ, ఎన్ని అడుగుల ఎత్తులో పడుకుంటారో ఒక్కరూ అడగలేదు. రెండేళ్ళ కిందట మా అమ్మను తీసుకెళ్ళి మొదటి రాత్రే లోన్ పైన్‌కు ఎగువన కొండల్లో ఉన్న విట్నీ పోర్టల్‌లో దిగాను. ఎత్తు సుమారు 8,000 అడుగులు. పైన్ చెట్లు, ఏరు, ఎదురుగా రాతి గోడలు. నాకు స్వర్గం. ఆమెకు తెల్లవార్లూ తలనొప్పి, వాంతులు. ఉదయం లోన్ పైన్‌కు దిగాక గానీ కాఫీ తాగలేకపోయింది. మర్నాడు డెత్ వ్యాలీలోని ఫర్నేస్ క్రీక్‌లో ఉన్నాం. అది సముద్రమట్టానికి దాదాపు 190 అడుగుల దిగువ! వెయ్యి అడుగులకు రెండు డిగ్రీల చొప్పున లెక్క వేసుకోండి. రెండు చోట్ల మధ్య పదహారు డిగ్రీల తేడా. ఒక రాత్రి స్వెట్టర్ల మీద స్వెట్టర్లు, మర్నాటి రాత్రి దుప్పటి కూడా బరువే.

నన్నడిగితే మొదటి రాత్రి లోన్ పైన్ దగ్గర టటిల్ క్రీక్. ఇదీ బీఎల్‌ఎందే, కాకపోతే రుసుము కట్టాలి, మరుగుదొడ్లు ఉన్నాయి. ఎత్తు 5,100 అడుగులు. విట్నీ పోర్టల్‌ను పగలు చూసి దిగిపోండి. డెత్ వ్యాలీలో ఒక రాత్రి వైల్డ్‌రోజ్‌లో ఉండండి. 4,100 అడుగులు, పార్కు లోపలే, అయినా రుసుము లేదు. ఇప్పుడు మీ ఇద్దరిలో ఎవరు గెలిచినట్టో మీరే తేల్చుకోండి.

ఇసుకతిన్నె:
ఎత్తు మాట ఒప్పుకుంటాను, నాకు తట్టలేదు. వైల్డ్‌రోజ్ మాత్రం మూల. అక్కడి నుంచి బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానం చూడాలంటే సగం రోజు రోడ్డు మీదే. అక్టోబరులో కింద పగలు 34 డిగ్రీల దాకా ఉన్నా, తెల్లవారుజామున హాయిగానే ఉంటుంది. ఫర్నేస్ క్రీక్‌లో పడుకుని పొద్దున్నే తిరగడం మేలు. ఇంకొకటి, ఎడారిలో ఎక్కడ దిగినా ఎండిన వాగులో మాత్రం గుడారం వేయకండి. 2022 ఆగస్టులో ఒక్క పూట వానకే డెత్ వ్యాలీ రోడ్లు కొట్టుకుపోయాయి.

చెంబు_నీళ్ళు:
ఫర్నేస్ క్రీక్‌కు నాదీ ఓటే, కానీ అక్టోబరు మధ్య నుంచి అక్కడ బుకింగ్ కావాలి. ఈ రాత్రే చూడండి. టయోగా కూడా నమ్మకం కాదు, తొలి మంచు పడితే మూసేస్తారు. అప్పుడు బేకర్స్‌ఫీల్డ్, టెహచాపీ మీదుగా చుట్టి రావాలి.

గుడారం_గోల:
మొదటి రాత్రి టటిల్ క్రీక్, తర్వాత రెండు రాత్రులు ఫర్నేస్ క్రీక్. నాలుగో రాత్రి ఇంకా తేలలేదు, ఆవిడ వైల్డ్‌రోజ్ వైపే మొగ్గుతోంది. విట్నీ పోర్టల్‌లో ఎలుగుబంట్ల భయంతో తిండి సామానంతా ఇనుప పెట్టెలో పెట్టాలని చదివి వినిపించాను. ఆవకాయ జాడీ కూడా పెట్టాలా అని నాన్నగారు అడుగుతున్నారు.

కొండగాలి:
జాడీయే ముందు పెట్టాలి.