450 హార్స్‌పవర్ కారుకి ఇరవై ఏళ్ల డ్రైవర్ సిద్ధమేనా, ఎలా తేల్చాలి?

కొత్త_స్టీరింగ్:
డ్రైవర్ వయసు 20. రెండేళ్లుగా 100 హార్స్‌పవర్ హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాడు. ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ బలం ముందు చక్రాలకి వెళ్తుంది. ఇప్పటిదాకా బండికి ఒక్క గీత పడలేదు. ఇప్పుడు చూస్తున్నది 450 హార్స్‌పవర్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) కూపే, రియర్ వీల్ డ్రైవ్ (బలం వెనక చక్రాలకి), మాన్యువల్ గేర్లు. "వయసు చాలదు", "జాగ్రత్తగా నడిపితే చాలు" అనే మాటలు ఇప్పటికే విన్నాం. చేతికి, కాలికి ఏమేం వచ్చి ఉండాలి, వచ్చిందో లేదో ఎలా చూడాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

వెనక_చక్రం:
గీత పడలేదన్నది మంచి విషయమే. కానీ దాన్నిబట్టి ఈ కారు గురించి ఏమీ తేల్చలేం. 100 హార్స్‌పవర్ ఫ్రంట్ వీల్ బండి తప్పుల్ని కాచుకుంటుంది. మలుపులోకి కాస్త ఎక్కువ వేగంతో వెళ్తే ముక్కు బయటికి జారుతుంది, భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాం, బండి దారికొస్తుంది. రెండేళ్లలో కాలికి అదే అలవాటు పడుతుంది.

రియర్ వీల్ డ్రైవ్‌లో ఆ అలవాటే ముంచుతుంది. మలుపు మధ్యలో కాలు ఒక్కసారిగా తీస్తే బరువు ముందుకి పోయి వెనక టైర్లు తేలికవుతాయి. పైగా ఇంజిన్ బ్రేకింగ్ అంతా ఆ తేలికపడ్డ టైర్ల మీదే పడుతుంది. తోక తిరుగుతుంది. అంటే ఈ కారులో తొక్కడం ఎంత నెమ్మదిగా రావాలో, వదలడం కూడా అంతే నెమ్మదిగా రావాలి. తొక్కడం గురించి అందరూ హెచ్చరిస్తారు, వదలడం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

నేర్వాల్సిన వరస ఇది. బ్రేకు, గేరు రెండూ మలుపుకి ముందే, స్టీరింగ్ నిటారుగా ఉండగానే అయిపోవాలి. మలుపులో యాక్సిలరేటర్ సన్నగా, ఒకే తీరుగా ఉండాలి. స్టీరింగ్ విప్పుతున్న కొద్దీ తొక్కడం పెంచాలి. స్టీరింగ్ ఎంత తిరిగి ఉంటే కాలు అంత తేలిగ్గా ఉండాలి.

పరీక్ష సులువే. ఇప్పుడున్న హ్యాచ్‌బ్యాక్‌లోనే పక్క సీట్లో కూర్చోండి. 60 కిలోమీటర్ల వేగంలో మూడో గేరు నుంచి రెండుకి దించమనండి. మీ తల ముందుకి ఊగితే ఇంకా రాలేదన్నట్టే. క్లచ్ వదిలే ముందు యాక్సిలరేటర్ చిన్నగా తట్టి ఇంజిన్ తిరుగుడు కలపడం రావాలి. వీ8లో అది కలపకుండా తడి రోడ్డు మీద గేరు దించితే వెనక చక్రాలు ఒక్క క్షణం పట్టేసినట్టయి జారతాయి. కొత్త మోడళ్లలో కొన్నిటికి ఆ పని బండే చేసి పెట్టే సదుపాయం ఉంది. ఉన్నా సరే, కాలికి రావాలి.

రోడ్_రన్నింగ్:
ఇప్పుడొచ్చే కార్లలో స్టెబిలిటీ కంట్రోల్ ఉంటుంది కదండీ. ఇంత భయం అవసరమా?

టైర్ల_లెక్క:
ఉండాల్సిందేనండి, కానీ అది పట్టుని పుట్టించలేదు. జారుడు గమనించి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకేస్తుంది, ఇంజిన్ బలం తగ్గిస్తుంది. అంతవరకే. టైరు దగ్గర మిగిలిన పట్టుకన్నా వేగం ఎక్కువైతే అదేమీ చేయలేదు.

వేగం లెక్క చూడండి. 100 కి.మీ. వేగంలో సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతాం. ఆపద కనబడి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర అనుకుంటే 42 మీటర్లు. మంచి టైర్లు, పొడి రోడ్డు అయితే ఆగడానికి ఇంకో 40. మొత్తం 82. అదే 150లో ఉంటే 62, 90 కలిపి 152 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, బ్రేకు దూరం మాత్రం రెండుంపావు రెట్లయింది. వాన పడి పట్టు సగమైతే ఆ 90 కాస్తా 180 అవుతుంది. హ్యాచ్‌బ్యాక్ 100 నుంచి 150కి పోవాలంటే ఇంజిన్ అరుస్తుంది, టైం పడుతుంది, ఈలోగా బుర్ర పనిచేస్తుంది. 450 హార్స్‌పవర్ బండి కొద్ది సెకన్లలో అవలీలగా అక్కడికి చేర్చేస్తుంది. కుర్రాడి కళ్లు ఇంకా పాత వేగం లెక్కలోనే ఉంటాయి.

ఇక టైర్లు. వాడిన స్పోర్ట్స్ కార్లలో మొదట చూడాల్సింది ఇవే. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్లు దాటిన టైరుకి గాడి నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, మార్చేయండి. చాలా దేశాల్లో చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి చాలంటుంది. ఇంత వెడల్పు టైర్లకి 3 మి.మీ. కన్నా తగ్గితే నిలిచిన నీళ్ల మీద తేలిపోతాయి. ముందొక కంపెనీ, వెనకొక కంపెనీ టైర్లుంటే అలాగే నడపకండి, బండి నడక ఊహకందదు. సమ్మర్ టైర్లయితే 7 డిగ్రీల కింద రబ్బరు బిగుసుకుంటుంది. మామూలు రోజుల్లో కూడా బయల్దేరగానే టైర్లు చల్లగా ఉంటాయి. మొదటి పది కిలోమీటర్లు గట్టిగా తొక్కకూడదు. గాలి చల్లటి టైర్లలోనే చూడాలి.

పాత_క్లచ్:
@రోడ్_రన్నింగ్ గారూ, అన్నిట్లో ఉంటుందనుకోకండి. 1992లో వచ్చిన డాడ్జ్ వైపర్‌కి 400 హార్స్‌పవర్ ఉండి ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) కూడా లేదు. పోర్షె కరేరా జీటీకి 600 పైన హార్స్‌పవర్, స్టెబిలిటీ కంట్రోల్ లేదు. యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది 2014 చివర్లో. పాత మోడల్ కొనేటప్పుడు విడిగా కనుక్కోవాలి.

ఉన్న బండిలో కూడా స్పోర్ట్, ట్రాక్ మోడ్‌లు పెడితే ఆ కాపలా సడలుతుంది. మొదటి ఏడాది మామూలు మోడ్ దాటకూడదు. తడిగా ఉంటే రెయిన్ మోడ్. కొన్ని బండ్లలో తాళం చెవితోనే కట్టడి చేయొచ్చు. ఫోర్డ్ కార్లలో మైకీ అనే సదుపాయం పెడితే గరిష్ఠ వేగానికి హద్దు పెట్టుకోవచ్చు. 707 హార్స్‌పవర్ డాడ్జ్ హెల్‌క్యాట్‌కి రెండు చెవులు, నల్లదానితో 500 వరకే ఇస్తుంది. నన్నడిగితే ఆ 500 కూడా ఎక్కువే.

కిలోకి_కిలోవాట్:
హార్స్‌పవర్ ఒక్కటే చూడకండి, బరువుతో భాగించి చూడండి. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో ప్రొవిజనల్ లైసెన్స్ (కొత్త డ్రైవర్లకిచ్చేది) వాళ్లకి టన్నుకి 130 కిలోవాట్ల హద్దు ఉంది. మంచి కొలమానం. మీరు చెప్పిన తరహా కారు, ఉదాహరణకి 460 హార్స్‌పవర్ మస్టాంగ్ జీటీ, 343 కిలోవాట్లు, 1.7 టన్నుల పైన బరువు. టన్నుకి దాదాపు 200. రెండు లీటర్ల మజ్దా ఎమ్ఎక్స్-5 లో 135 కిలోవాట్లు, బరువు టన్ను పైచిలుకు, అంటే 127 దగ్గర. అది కూడా రియర్ వీల్ డ్రైవే, మాన్యువలే. తప్పు చేస్తే తక్కువ వేగంలోనే తెలిసిపోతుంది, సర్దుకోవడానికి వీలుంటుంది. ఏడాదిన్నర అది నడిపి అప్పుడు వీ8కి వెళ్లడం నా దృష్టిలో సరైన దారి.

కొత్త_స్టీరింగ్:
అందరికీ థ్యాంక్స్. కోన్లు పెట్టి ఖాళీ స్థలంలో నేర్పించాలంటే ఏమేం చేయించాలి? గేర్లు ఆటోమేటిక్ అయితే కాస్త నయమా?

వెనక_చక్రం:
ఆటోమేటిక్ అయితే గేరు దించడంలో తప్పులు తగ్గుతాయి, నిజమే. కానీ మలుపులో గట్టిగా తొక్కితే తనంతట తానే కింది గేరుకి దిగి ఒక్కసారిగా బలం వదులుతుంది. తడి రోడ్డు మీద అదొక ప్రమాదం. ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కార్లలో ఇంకా ఎక్కువ, టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) మొదటి క్షణం నుంచే ఉంటుంది, బరువూ ఎక్కువే.

ప్రాక్టీసుకి మూసిన స్థలం, పక్కన శిక్షకుడు, రెండూ కావాలి. మొదట 60లో వస్తూ బ్రేకు అడుగంటా తొక్కి ఆగడం. ఏబీఎస్ పెడల్‌ని గడగడ కొడుతుంటే కొత్తవాళ్లు ఉలిక్కిపడి కాలు తీసేస్తారు. తీయకుండా నొక్కి ఉంచడం వచ్చేదాకా పది పన్నెండు సార్లు చేయించండి. తర్వాత అదే బ్రేకు నొక్కి ఉంచి కోను చుట్టూ తప్పించుకోవడం.

ఆ పైన తడి స్కిడ్ ప్యాడ్, అంటే జారుడు నేర్పడానికి నీళ్లతో తడిపిన చదును స్థలం. గుండ్రంగా తిరుగుతూ తోక జారేదాకా కొంచెం కొంచెం తొక్కాలి. జారగానే చూపు వెళ్లాల్సిన వైపు ఉండాలి, చేతులు అటే తిప్పాలి. ఇక్కడ ఎక్కువమంది పొరపాటు మొదటి జారుడు దగ్గర చేయరు. బండి సర్దుకుంటున్నప్పుడు తిప్పిన స్టీరింగ్‌ని వెంటనే వెనక్కి విప్పరు. అప్పుడు బండి రెండోవైపుకి ఇంకా బలంగా విసురుతుంది, గోడలకి గుద్దేది తరచు ఆ రెండో విసురులోనే. ఇక పట్టు దొరకదని తెలిస్తే క్లచ్, బ్రేకు రెండూ పూర్తిగా నొక్కేయాలి.

ట్రాక్ మీదికి తీసుకెళ్తే ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్చండి. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది. మామూలు వాడకానికైనా రెండేళ్లకోసారి మార్చాలి.

పాత_క్లచ్:
ఒకటి కలుపుతాను. ఇవన్నీ ఒంటరిగా ఉన్నప్పుడు బాగానే చేసి, నలుగురు స్నేహితులు ఎక్కగానే మర్చిపోయేవాళ్లుంటారు. బరువు కూడా వెనక పెరిగి బ్రేకు దూరం, నడక మారతాయి. మొదటి ఆర్నెల్లు పక్కన అనుభవం ఉన్న ఒక్కరే, రాత్రి పూట కాకుండా. బండి తెచ్చాక ఇంజిన్ ట్యూన్ (బలం పెంచే మార్పులు) జోలికి పోనివ్వకండి. చేయిస్తే ఇన్సూరెన్స్ వాళ్లకి రాసి ఇవ్వాల్సిందే, దాచిపెడితే క్లెయిమ్ తిరస్కరించొచ్చు.