‘చిత్తశుద్ధి’ పద్యంలో వంట సంగతి

మనం చేసిన పనికి మన మనసు ప్రమాణమా, ఇతరుల అభిప్రాయమా అన్న చర్చలో, వేమన పద్యంలోని ‘చిత్తశుద్ధి లేని శివపూజ లేలరా’ అన్న పాదాన్ని ఆధారం చేసుకొని, మనసు మంచిదైతే చేసిన పనిని ఎవరేమనుకున్నా పట్టించుకోనక్కరలేదని ఒక మిత్రులు వ్రాశారు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి 2022లో జిల్లాలు విడదీసే వరకు మా అనంతపురం జిల్లాలోదే కనుక, ఆ పాదాన్ని ఇక్కడ అందరూ చనువుగానే వాడుకొంటారు. మాట జారినవారు మొదట ఎత్తుకొనేదీ దానినే. ఆంగ్లేయ పండితుడు సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించక ముందునుంచీ నోటినోటా బ్రతికిన పద్యం కావడంతో, ఒక్క పాదమే విడివడి సామెతలా నిలిచింది. పూర్తి పద్యం ఇది:

ఆత్మశుద్ధి లేని యాచార మది యేల
భాండశుద్ధి లేని పాక మేల
చిత్తశుద్ధి లేని శివపూజ లేలరా
విశ్వదాభిరామ వినుర వేమ

శుద్ధి లేని పని వ్యర్థమని ఇందులో ఉందే తప్ప, శుద్ధి ఉంటే ఏ పనైనా చెల్లుతుందని లేదు. ఇక రెండవ పాదం చూడండి. ఆచారమూ పూజా చేసేవారితోనే ముగిసిపోవచ్చు గానీ, వంట ఇతరులు తినేది. కుండ తోమకుండా వండితే, వండినవారికి ఎంత ప్రేమ ఉన్నా, కడుపునొప్పి పడేది తిన్నవారే. కుండ ఇక్కడ మనసుకు పోలిక మాత్రమేనని అనేవారుంటారు. నిజమే, కానీ పోలికగానైనా వంట వచ్చిన తరువాత తినేవారిని పంక్తిలోంచి లేపడం కుదరదు.

‘చిత్తశుద్ధి కలిగి చేసిన పుణ్యంబు కొంచెమైన నదియు కొదువగాదు’ అన్న పద్యాన్ని చూపేవారికీ ఇదే సమాధానం. అక్కడ కొదువగానిది పుణ్యం. నొప్పించిన మాట పుణ్యమవుతుందని వేమన అనలేదు.

ఎదుటివారి అభిప్రాయమే ప్రమాణమన్న మరొకరు, తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెతను తెచ్చారు. తాగింది పాలేనని ఆ సామెతే ఒప్పుకొంటోంది గదా! అది చోటు చూసి కూర్చోమనే హెచ్చరికే గానీ తీర్పు కాదు.

నా అభిప్రాయంలో ‘ఇతరులు’ అంటూ మనం ఇద్దరిని కలిపేస్తున్నాము: పద్యంలోని తిన్నవారు వేరు, సామెతలోని చూసినవారు వేరు. ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలవకుండా శుభలేఖను వాట్సాప్‌లో పంపారని మేనత్త నొచ్చుకొంటే, ‘నా మనసులో ఏమీ లేదత్తా’ అన్నంత మాత్రాన సరిపోదు, వెళ్ళి పిలవవలసిందే. అదే విషయమై వీధివారు గుసగుసలాడితే వారికి సంజాయిషీ ఇవ్వవలసిన పని లేదు.