పాత ఇంజిన్ కొనేముందు ఇంకా ఏం చూడాలి?

మాది 2014 స్విఫ్ట్ డీజిల్, 1248 సీసీ. రాయి తగిలి సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) పగిలింది, ఆయిలంతా కారిపోయి ఇంజిన్ పట్టేసింది. విజయవాడ ఆటోనగర్‌లో అదే మోడల్ ఇంజిన్ ఒకటి చూశాను. కారులోంచి దింపేసి ఉంది కాబట్టి స్టార్ట్ చేసి వినే వీల్లేదు. క్రాంక్ బోల్ట్‌కి పానా వేసి తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరిగింది. ఆయిల్ మూత కింద మాత్రం తెల్లగా మీగడలాంటిది అంటుకుని ఉంది. వానకు తడిసిందండీ అంటాడు షాపాయన. మూత బిగించి ఉంటే వాన లోపలికెలా పోతుంది? హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పోయి కూలెంట్ నీళ్లు ఆయిల్‌లో కలిశాయేమోనని నా అనుమానం.

టర్బో షాఫ్ట్ పక్కలకు కాస్త ఊగుతోంది, ముందుకీ వెనక్కీ కదలట్లేదు. ఇది మామూలేనా? సంప్ విప్పి బేరింగులు చూపించమంటే ఒప్పుకుంటారా? దింపిన ఇంజిన్‌కి కంప్రెషన్ చూడొచ్చా? ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించాలంటే అమ్మేవాళ్ల దగ్గర బిల్లుతో పాటు ఏ కాగితాలు తీసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి, అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.